కట్ చేసిన బుడగలు

పిల్లల సైన్స్ వీడియోల్లో ప్రయోగం ఎప్పుడూ ఫెయిలవ్వదు. గుడ్డు ఉప్పునీళ్లలో తేలి తీరుతుంది, నిమ్మకాయ లైటు వెలిగించి తీరుతుంది, బెలూన్ కారు గీత తప్పకుండా నేరుగా దూసుకుపోతుంది. ఎందుకు ఫెయిలవ్వదో నాకు బాగా తెలుసు. ఫెయిలైన టేకులన్నీ ఏరి పక్కన పడేసేది నేనే. బడిపిల్లల కోసం తీసే సైన్స్, క్రాఫ్ట్ వీడియోలు ఎడిట్ చెయ్యడం నా పని. చదివింది ఫిజిక్స్, అన్నం పెడుతున్నది ఎడిటింగ్ టైమ్‌లైన్.

రష్ అంతా, అంటే కత్తిరించకముందు షూట్ చేసిందంతా, కూర్చుని చూస్తే, బయటికెళ్లే వీడియోలో లేని కథ ఇంకొకటి కనిపిస్తుంది. నిమ్మకాయ సంగతే తీసుకోండి. ఒక కాయలో రాగి ముక్క ఒకటి, జింకు పూత ఉన్న మేకు ఒకటి గుచ్చి, చిన్న ఎర్ర ఎల్‌ఈడీకి తీగలు కలిపారు. వెలగలేదు. ఇంకో కాయ జోడించారు. వెలగలేదు. యాంకరమ్మాయి కెమెరా వెనక్కి చూసి "ఏమైంది సార్?" అంది. మూడోది కలిపాక, లైట్లు ఆర్పి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే ఉందో లేదో అన్నంత మినుకు. నాలుగోది కలిపాక సరిగ్గా వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫైనల్ వీడియోలో మాత్రం మొదటి షాట్ నుంచే బల్ల మీద నాలుగు కాయలు బుద్ధిగా వరుసలో ఉంటాయి. "ఇప్పుడొక మ్యాజిక్ చూద్దామా పిల్లలూ!" అని వాయిస్ ఓవర్. నాలుగే ఎందుకు అన్న అనుమానం చూసే పిల్లకి వచ్చే దారే లేదు. జింకూ రాగీ గుచ్చిన ఒక్కో కాయ ఇచ్చేది దాదాపు 0.9 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీకి కావలసింది 1.8 వోల్టుల చుట్టుపక్కల. కాగితం మీద లెక్క వేస్తే రెండు కాయలు చాలాలి. చాలవు. ఎల్‌ఈడీ తగిలించగానే కాయల వోల్టేజి పడిపోతుంది. కాయ లోపల కరెంటుకి ఎదురయ్యే నిరోధం అంత ఎక్కువ. లెక్కకి సరిపోవలసింది చేతిలో ఎందుకు సరిపోలేదు అన్నదే కదా అసలు పాఠం! అదంతా నేను కత్తిరించిన రెండు నిమిషాల్లో ఉండిపోయింది. (సైన్స్ వీడియోలో మ్యాజిక్ అన్న మాట వినిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట తీసెయ్యమని ఎడిటర్ చెబితే ఎవరూ వినరు, అది వేరే సంగతి.)

ఇక కొవ్వొత్తి. ఈ ఒక్క ప్రయోగం గురించి ఎంతసేపైనా మాట్లాడగలను, కాస్త ఓపిక పట్టండి.

మీరందరూ చూసిందే. పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గాజు గ్లాసు. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. వెంటనే వాయిస్ ఓవర్: "కొవ్వొత్తి మండడానికి ఆక్సిజన్ వాడుకుంది. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ కాబట్టి ఆ ఖాళీలోకి అయిదో వంతు నీళ్లు ఎక్కాయి." వినడానికి ఎంత శుభ్రంగా ఉందో! దాదాపు పూర్తిగా తప్పు.

మంటలో ఆక్సిజన్ మాయమైపోదు. మైనంలోని కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఆవిరి చల్లబడి గాజుకి పట్టేసినా, కార్బన్ డయాక్సైడ్ అక్కడే చోటు ఆక్రమించుకుని ఉంటుంది. నీళ్లలో కరుగుతుంది కానీ నెమ్మదిగా. అదీగాక కొవ్వొత్తి ఆక్సిజన్ అంతా అయ్యేదాకా వెలగదు. 21 శాతం ఉన్నది 16 శాతం దగ్గరికి దిగేసరికే మంట ఆరిపోతుంది. మరి నీళ్లెందుకు ఎక్కాయి? మంట వేడికి గ్లాసులో గాలి ముందు వ్యాకోచించింది, కొంత అంచు కింద నుంచి బయటికి పోయింది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంది. లోపల ఒత్తిడి తగ్గింది, బయటి గాలి నీళ్లని లోపలికి తోసింది. ప్రధాన కారణం అదీ.

దీనికి సాక్ష్యం రష్‌లోనే ఉంది. గ్లాసు బోర్లించిన మొదటి క్షణాల్లో అంచు దగ్గర నుంచి బుడబుడమని బుడగలు వస్తాయి. గాలి బయటికి పోతోందని కళ్లకి కట్టినట్టు చూపించే బుడగలవి. ఒకసారి డైరెక్టర్ గారు ఆ షాట్ చూసి, "గ్లాసు సరిగ్గా ఆనలేదు మేడమ్, బుడగలొస్తున్నాయి, ఆ ముక్క లేపెయ్యండి, బాగున్న టేక్ వాడదాం" అన్నారు. బాగున్న టేక్ అంటే బుడగలు రానిది. అంటే గ్లాసుని మంట మీద ఒక్క క్షణం ఆపి, లోపలి గాలి అప్పటికే వేడెక్కాక బోర్లించినది. సాక్ష్యాన్ని లోపం అనుకుని తీసెయ్యమంటున్నారని చెప్పి, బుడగల షాట్ కోసం పట్టుబట్టాను. సగం గెలిచాను: షాట్ ఉంది, దాని గురించి వాయిస్ ఓవర్‌లో ఒక్క ముక్క లేదు.

గడియారం చూసుకున్నా విషయం తెలిసిపోతుంది. ఆక్సిజన్ కథ నిజమైతే మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు నిదానంగా ఎక్కుతూ రావాలి. అలా జరగదు. మంట ఉన్నంతసేపూ పెద్దగా కదలిక ఉండదు, ఆరిపోయే సమయానికి నీళ్లు ఒక్కసారిగా గబగబా ఎక్కుతాయి. ఇంకా తేలిక పరీక్ష ఒకటుంది. అదే గ్లాసు కింద ఒకటి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టండి. గ్లాసు అదే, గాలి అదే, అందులో ఆక్సిజన్ అదే. నీళ్లు మాత్రం ఇంకా పైకి వెళ్తాయి.

వీడియోకి ఇంతకన్నా మంచి సామగ్రి ఉంటుందా? ఇక్కడ ఆపి, "మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఎంతవరకు వస్తాయి? అంతేనా, ఎక్కువా, తక్కువా?" అని అడిగితే పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకుంటారు. మా అక్క కొడుకు అయిదో తరగతి. వాడి దగ్గర అడిగి చూశాను. "అంతే వస్తాయి పిన్నీ, ఆక్సిజన్ అంతే కదా" అన్నాడు ఠక్కున. మంచి జవాబు అది. తప్పు సిద్ధాంతం నుంచి సరైన తర్కంతో వచ్చిన జవాబు. నీళ్లు పైకి ఎక్కాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత గ్లాసు ముట్టుకుని "వేడిగా ఉంది" అన్నాడు. నేను ఇంకేం చెప్పలేదు.

మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 చివర, 61 మొదట్లో పిల్లల కోసం ఇచ్చిన క్రిస్మస్ ఉపన్యాసాలు ఆరూ కొవ్వొత్తి చుట్టూనే తిరుగుతాయి. మంటని ఊదేసి, పైకి లేస్తున్న తెల్లటి పొగకి కాస్త దూరం నుంచి నిప్పు చూపిస్తే, ఆ పొగ వెంటే మంట పాకి వత్తిని మళ్లీ అంటుకోవడం అందులో చేసి చూపించాడు. మండేది వత్తి కాదు, మైనపు ఆవిరి అని పిల్లలకి చెప్పకముందే కళ్లకి తెలిసిపోతుంది. ఇది మాత్రం వీడియోకి పుట్టిన ప్రయోగం. స్లో మోషన్‌లో పెడితే మంట పొగ దారి పట్టి దిగిరావడం అక్షరాలా కనిపిస్తుంది. నేను ఎడిట్ చేసినవాటిలో నాకు సంతోషాన్నిచ్చిన కొన్ని షాట్లలో అదొకటి.

శుభ్రమైన వివరణ మీద నాకు ఇంత అనుమానం ఎందుకంటే, డెరెక్ ముల్లర్ అనే ఆయన సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008లో పీహెచ్‌డీ చేసింది సరిగ్గా దీని మీదే. ఫిజిక్స్ నేర్పే వీడియోలు నిజంగా నేర్పుతున్నాయా అని. యూనివర్సిటీ విద్యార్థుల్లో కొందరికి న్యూటన్ సూత్రాల మీద చక్కటి, సూటి వివరణ ఉన్న వీడియో చూపించాడు. ఇంకొందరికి, ఇద్దరు మాట్లాడుకుంటూ అందులో ఒకరు జనం మామూలుగా పొరబడే పద్ధతిలోనే పొరబడి, మెల్లగా సరిదిద్దుకునే వీడియో చూపించాడు. మొదటివాళ్లు వీడియో చాలా స్పష్టంగా ఉందన్నారు, తేలిగ్గా అర్థమైందన్నారు. పరీక్ష పెడితే మార్కులు పెద్దగా పెరగలేదు, తమ జవాబుల మీద ధీమా మాత్రం పెరిగింది. రెండోవాళ్లు గందరగోళంగా ఉందన్నారు. మార్కులు వాళ్లకే బాగా పెరిగాయి. ఈ ముల్లరే తర్వాత వెరిటాసియం అనే యూట్యూబ్ ఛానెల్ పెట్టాడు. అందులో వీధిలో వెళ్లేవాళ్లని ఆపి తప్పు జవాబులు చెప్పించడం సరదా కోసం పెట్టినట్టు కనిపిస్తుంది కానీ, దాని వెనక ఈ థీసిస్ ఉంది.

మొదటివాళ్లకి ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. తమకి ముందే తెలుసనుకున్న విషయాన్నే వీడియో చెబుతోందనుకున్నారు. తల ఊపారు. తమ మనసులో ఉన్నదానికీ తెర మీద చెప్పినదానికీ తేడా ఉందని గమనించే పనే పడలేదు.

1987లో వచ్చిన ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అనే డాక్యుమెంటరీలో హార్వర్డ్ స్నాతకోత్సవం రోజున, గౌన్లలో ఉన్నవాళ్లని పట్టుకుని ఎండాకాలం చలికాలం ఎందుకొస్తాయనో, చంద్రుడి కళలు ఎందుకు మారతాయనో అడుగుతారు. 23 మందిలో 21 మంది సరిగ్గా చెప్పలేకపోయారు. ఋతువుల ప్రశ్నకి, భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అన్నది ఎక్కువమంది నోట వచ్చిన మాట. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. దూరంగా ఉండేది జులైలో, 15.2 కోట్లు. ఋతువులకి కారణం భూమి అక్షం వంపు.

ఇందులో మా యానిమేషన్ వాళ్ల వాటా ఎంతో చెప్పాలి. భూమి కక్ష్యని కోడిగుడ్డులా సాగదీసి గియ్యడం అందరికీ అలవాటు. నిజమైన కొలతలతో గియ్యాలంటే ఎలా ఉంటుందో లెక్క వేశాను. తెర మీద కక్ష్యని వెయ్యి పిక్సెళ్ల వెడల్పు గీస్తే, ఎత్తు ఒక్క పిక్సెల్ కూడా తగ్గదు. కంటికి అచ్చమైన వృత్తమే. సూర్యుణ్ణి మాత్రం మధ్య నుంచి ఎనిమిది పిక్సెళ్లు పక్కకి జరపాలి, అంతే. ఈ లెక్క యానిమేటర్‌కి చూపిస్తే "మరి దీర్ఘవృత్తం అని ఎలా తెలుస్తుంది అక్కా?" అన్నాడు. తెలియదు మరి! కెప్లర్ అంతటివాడికి అంగారకుడి లెక్కలతో ఏళ్ల తరబడి కుస్తీ పడితే గానీ తేలని సంగతి, పది సెకన్ల బొమ్మలో ఎలా తెలుస్తుంది?

అయితే మరి వీడియోలే వద్దా అని అడిగితే, అదేం కాదు. మనిషి కన్ను చెయ్యలేని పని కెమెరా చేసినచోట నేను దానికి దాసోహం. నీళ్లు నింపిన బెలూన్ పగిలాక నీళ్లు ఒక లిప్తపాటు బెలూన్ ఆకారంలోనే గాలిలో నిలబడడం స్లో మోషన్ లేకుండా చూపించలేం. చిక్కుడు గింజ మొలకెత్తడం టైమ్ లాప్స్ లేకుండా కూర్చోబెట్టి చూపించలేం. కానీ ఇక్కడా ఒక చిక్కు. ఎనిమిది సెకన్లలో మొలక లేచి ఆకు విప్పడం చూసిన పిల్ల, గింజ నాటిన మర్నాడు పొద్దున్నే మట్టి తవ్వి చూస్తుంది. అందుకని తెర మూలన "1వ రోజు, 2వ రోజు" అని అంకె మారేలా పెట్టమంటాను. అందం పాడవుతుందంటారు. పాడవనివ్వండి.

ఇంతవరకు తీసిన పిల్లల సైన్స్ వీడియోల్లో దేనికి మొదటి స్థానం అని నన్నడిగితే, అది పిల్లల కోసం తీసినదే కాదు. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి, కుడిచేతిలో 1.32 కిలోల సుత్తి, ఎడమచేతిలో 0.03 కిలోల డేగ ఈక పట్టుకుని, రెండూ ఒకేసారి వదిలేశాడు. గాలి లేనిచోట రెండూ కలిసి నేలకి తాకాయి. బొమ్మ మసకగా ఉంటుంది. మ్యూజిక్ లేదు, గ్రాఫిక్స్ లేవు, కట్ లేదు. పడడానికి ఒక సెకనుకి పైగానే పడుతుంది, అంత నిదానంగా పడడం కూడా చంద్రుడి గురుత్వం గురించి ఇంకో పాఠం. దీన్ని పిల్లలకి చూపించేటప్పుడు నేను చేసేదల్లా, వదలబోయే ముందు పాజ్ నొక్కి వాళ్ల ముఖాలకేసి చూడడం.

పాజ్ గురించి మాట్లాడాలి. టైమ్‌లైన్ మీద నిశ్శబ్దం అంటే మా రంగంలో అందరికీ భయం. ఒక ప్రశ్న వేసి అయిదు సెకన్లు ఊరుకుంటే, పిల్లలు వేరే వీడియోకి పారిపోతారని వాదన. 1996లో అమెరికాలో మొదలైన ‘బ్లూస్ క్లూస్’ అనే కార్యక్రమం ఈ భయాన్ని అప్పట్లోనే లెక్కచెయ్యలేదు. అది ఇంకా బడికి వెళ్లని చిన్నపిల్లల కోసం. యాంకర్ ప్రశ్న వేసి, నిజంగానే ఆగి, తెరలోంచి పిల్లలకేసి చూస్తూ నిలబడతాడు. పైగా ఒకే ఎపిసోడ్ వారంలో అయిదు రోజులూ వేశారు. పరిశోధకులు గమనిస్తే, పిల్లలు విసుగెత్తి పారిపోలేదు. రోజులు గడిచేకొద్దీ తెరకేసి జవాబులు అరవడం పెరిగింది. బడికెళ్లే పిల్లలకి అయిదు రోజులు ఒకటే చూపించమని నేననను. ఒక్కసారి చూసి వదిలేసే వస్తువుగా వీడియోని తయారుచెయ్యడం కూడా ఒక అలవాటే అంటాను, అంతే.

అంతకన్నా ముందు, 1951 నుంచి 65 దాకా, డాన్ హెర్బర్ట్ అనే ఆయన ‘వాచ్ మిస్టర్ విజర్డ్’ చేశాడు. పక్కింటి పిల్లో పిల్లాడో ఆయన దగ్గరికి వస్తారు, ఆయన ఇంట్లో దొరికే వస్తువులతో ప్రయోగం చేస్తూ ఏమవుతుందనుకుంటున్నావని అడుగుతూ ఉంటాడు. అప్పట్లో అది లైవ్. లైవ్ అంటే ఎడిటర్ లేడు. నా ఉద్యోగానికి ఇంతకన్నా పెద్ద విమర్శ లేదనుకుంటా.

అగ్నిపర్వతం సంగతి కూడా చెప్పేసి క్రాఫ్టుల్లోకి వెళ్తాను. వంటసోడా, వెనిగర్, ఎర్రరంగు. మట్టికొండ నోట్లోంచి నురగ. పిల్లలకి ఇంతకుమించిన ఆనందం లేదు, ఆ ఆనందాన్ని నేను కాదనను. కానీ దాన్ని "లావా" అంటూ అగ్నిపర్వతం ఎలా పేలుతుందో నేర్పేశాం అనడమే నాకు మింగుడుపడదు. సోడా వెనిగర్ కలిసినప్పుడు ఆ ద్రావణం చల్లబడుతుంది. థర్మామీటర్ పెట్టి చూడండి, పాదరసం కిందికి దిగుతుంది. ఈ ‘లావా’ చల్లటి లావా! నిజమైన అగ్నిపర్వతంలో ఆమ్లం క్షారం కొట్టుకోవు. కరిగిన రాయిలో, లోపలి ఒత్తిడి వల్ల, వాయువులు ఇమిడి ఉంటాయి, పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి అవి బుడగలై విడిపోయి శిలాద్రవాన్ని బయటికి చిమ్ముతాయి. దానికి దగ్గర పోలిక కావాలంటే కదిపిన సోడాబాటిల్ మూత తియ్యడం చాలు. ఒకసారి స్క్రిప్టులో ఈ రెండూ పక్కపక్కన పెట్టి, ఏది అసలుకి దగ్గర అని పిల్లల్నే అడుగుదామన్నాను. థర్మామీటర్ షాట్ ఒప్పుకున్నారు. ఆ ఎపిసోడ్ నాకిష్టం.

సృజనాత్మకత పేరుతో వచ్చే వీడియోల్లో పరిస్థితి ఇంకా దారుణం. "సృజనాత్మకతను పెంచే క్రాఫ్ట్" అని పైన రాస్తారు. లోపల పచ్చ కాగితం ఇలా మడవండి, ఇక్కడ కత్తిరించండి, ఇక్కడ అతికించండి, ఇదిగో చిలక. వంద మంది చేస్తే వంద ఒకే చిలకలు. ఒక పిల్ల చేసింది వంకరగా వస్తే అది ‘రాలేదు’ అని ఏడుస్తుంది. చెయ్యి పనితనం వస్తుంది, కాదనను. చెప్పింది చెప్పినట్టు మడవడం కూడా నేర్చుకోవలసిందే. పేరే అబద్ధం.

ఎలిజబెత్ బొనావిట్జ్, ఆమె సహపరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగం ఒకటి నేను డైరెక్టర్లందరికీ చెబుతుంటాను. గొట్టాలతో కట్టిన వింత బొమ్మ ఒకటి తయారుచేశారు. అందులో నాలుగు విశేషాలు దాచారు: ఒకటి లాగితే కీచుమంటుంది, ఒకచోట దీపం వెలుగుతుంది, ఒకచోట స్వరాలు పలుకుతాయి, ఒక గొట్టంలో అద్దం ఉంటుంది. బడి ఈడుకి రాని పిల్లల్లో కొందరికి పెద్దవాళ్లు "ఇదిగో, ఇది ఇలా పనిచేస్తుంది చూడు" అని కీచుమనేది నేర్పించారు. ఇంకొందరి ముందు చెయ్యి తగిలి పొరపాటున కీచుమన్నట్టు నటించారు. నేర్పించుకున్న పిల్లలు కీచు కీచుమనిపించి, తక్కినవాటి జోలికి తక్కువ పోయారు, తొందరగా వదిలేశారు. తక్కిన పిల్లలు ఎక్కువసేపు ఆడారు, ఎక్కువ విశేషాలు కనిపెట్టారు. నేర్పేవాళ్లు ఒక్కటే చూపించారంటే ఉన్నది ఒక్కటే అని పిల్లలు తీర్మానించుకుంటారు. వాళ్ల తెలివే అది! "ఇదిగో చిలక" వీడియో చెప్పేది కూడా అదే కదా: ఈ కాగితంలో ఉన్నది చిలక ఒక్కటే.

దీనికి మందు ఏమీ చెప్పకుండా వదిలెయ్యడం కాదు. ఖాళీ కాగితం ఇచ్చి "నీకిష్టమైంది చెయ్యి" అంటే చాలామంది పిల్లలు బిక్కమొహం వేస్తారు, నేనైనా అంతే. ఒక అతుకు ఎలా వెయ్యాలో చూపించి, ఏం కట్టాలో చెప్పకపోవడం నా దృష్టిలో సరైన మోతాదు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో, అంటే పిల్లలు కంప్యూటర్ మీద దిమ్మలు పేర్చి ఆటలు తయారుచేసుకునే ప్రోగ్రామింగ్ సాధనంలో, ఈ మోతాదు బాగా కుదిరింది. ఎవరో పిల్లాడు చేసిన ఆట లోపలికి వెళ్లి, దిమ్మలు ఎలా పేర్చాడో చూసి, మార్చి, తనది చేసుకోవచ్చు. వీడియోలో అలా లోపలికి చెయ్యి పెట్టే వీలుండదు కాబట్టి మనం వేరేచోట ఆగాలి.

అరవింద్ గుప్తా గారి పొట్టి వీడియోల్లో నాకు నచ్చేది వాటి ముగింపు. పనైపోగానే ఆగిపోతాయి. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమంలో పల్లెటూరి బడిపిల్లలతో పనిచేసిన మనిషి ఆయన. సైకిల్ వాల్వ్ ట్యూబు చిన్నచిన్న ముక్కలు కోసి, అగ్గిపుల్లల చివర్లు వాటిలో దూర్చి ఆకారాలు కట్టడం ఆయన ప్రచారంలోకి తెచ్చిందే. చూపించాల్సింది అతుకు ఒక్కటే. మూడు పుల్లలతో త్రిభుజం కడితే ఎంత నొక్కినా దాని కోణాలు మారవు. నాలుగు పుల్లల చతురస్రం వేలితో తోస్తే పక్కకి ఒరిగిపోతుంది. ఈ రెండూ చూపించి వీడియో ఆగిపోవచ్చు. వంతెనలకీ కరెంటు స్తంభాలకీ ఆ అడ్డపట్టీలు ఎందుకుంటాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

మొన్న అలాంటి క్లిప్ ఒకటి మా అక్క కొడుక్కి చూపించి, పుల్లలూ ట్యూబు ముక్కలూ ముందుపెట్టి నేను నా ఎడిటింగ్‌లో పడ్డాను. చతురస్రం ఒరిగిపోతుంటే మూల నుంచి మూలకి ఒక పుల్ల అడ్డం పెట్టబోయాడు. పుల్ల పొట్టిదైంది, అందలేదు. "పిన్నీ, ఇది చాలట్లేదు, పుల్లలన్నీ ఒకటే సైజు ఎందుకున్నాయి?" అన్నాడు, ఏదో ఫ్యాక్టరీ వాళ్లు తనని మోసం చేసినట్టు. రెండు పుల్లలు కలిపి ట్యూబుతో అతికి, ఎక్కువైంది విరిచి సరిపెట్టాడు. నిలబడింది. అయిదు భుజాలదానికి రెండు అడ్డపుల్లలు కావలసొచ్చాయి, ఆరు భుజాలదానికి మూడు. ఏడుకి నాలుగని కట్టకుండానే చెప్పి, నమ్మకం చాలక కట్టి చూసుకున్నాడు.

ఇప్పుడు ఘనం మీద పడ్డాడు. పన్నెండు పుల్లల పెట్టె. ఎటు తోస్తే అటు కూలుతోంది. ఒక పక్క అడ్డపుల్ల పెడితే ఇంకో పక్క ఒరుగుతోంది. ఎన్ని అడ్డపుల్లలతో అది నిలబడుతుందో నాకు తెలుసు. వాడికీ తెలుసు, నాకు తెలుసని. ఫోన్ చేసి అడుగుతున్నాడు, నేను మాట మారుస్తున్నాను. మా అక్కకి కోపంగా ఉంది, ఇల్లంతా పుల్లలేనట. మీలో ఎవరికైనా జవాబు తట్టినా ఇంకో వారం పాటు వాడి చెవిన పడనివ్వకండి.